ఉద్దానం కిడ్నీ బాధితుల గ్రూపుకి టెలిగ్రామ్ ఎలా ఉందంటే

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. మా మావయ్యగారికి డయాలసిస్ నడుస్తోంది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ ఉన్న టెలిగ్రామ్ గ్రూపుకి నేనూ ఒక అడ్మిన్‌ని. ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

వాట్సాప్ మామూలు గ్రూపులో చేరితే మన నంబరు అందరికీ కనిపిస్తుంది. మా వైపు ఇంట్లో కిడ్నీ జబ్బుందని తెలిస్తే పిల్ల సంబంధం వెనక్కి పోతుందని భయం. క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిందని తోడబుట్టినవాళ్లకే చెప్పనివాళ్లు నంబరు కనబడే చోట నోరు విప్పుతారా? టెలిగ్రామ్‌లో నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. "జీడితోట", "కొబ్బరాకు" లాంటి పేర్లే మా దగ్గర ఎక్కువ. నంబరు దాచుకుంటే అడ్మిన్లకి కూడా తెలీదు. కాకపోతే సెట్టింగ్స్‌లో నంబరు దాచడంతో పాటు, నంబరుతో మనల్ని వెతికే వీలు కూడా అందరికీ లేకుండా మార్చాలి. కాంటాక్ట్స్ సింక్ చేయకపోతే ఇంకా మేలు. లేకపోతే మన నంబరు సేవ్ చేసుకున్న ఎదురింటాయనకి మనమెవరో తెలిసిపోతుంది.

పేరు అడగకపోతే ఆకుమందులవాళ్లు వస్తారు, కిడ్నీ ఇప్పిస్తామనే బ్రోకర్లూ వస్తారు. అవయవాల అమ్మకం 1994 చట్టం ప్రకారం నేరం. అలాంటి మెసేజ్ పెట్టినవాళ్లని హెచ్చరిక లేకుండా బ్యాన్ చేస్తాం. అకౌంటుకి ఫోన్ నంబరు కావాలి కాబట్టి, మళ్లీ రావాలంటే ఇంకో నంబరు వెతుక్కోవాలి. లింకు నొక్కినా అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి రానిచ్చే పద్ధతి కూడా ఉంది. మేం ఊరూ పేరూ అడగం. జబ్బు మీకా, ఇంట్లోవాళ్లకా, ఏం తెలుసుకోవాలి, అంతే.

ఫొటోలు పూర్తిగా ఆపేశాం. ల్యాబ్ రిపోర్టు పైన పేరు, వయసు, డాక్టరు పేరు అన్నీ ఉంటాయి. కంగారులో ఉన్న మనిషికి అవేవీ కనబడవు, క్రియాటినిన్ పక్కనున్న అంకె ఒక్కటే కనబడుతుంది. అందుకే ఆ అంకె టైప్ చేసి పెట్టమంటాం.

ఎక్కువ గొడవ కొబ్బరినీళ్ల మీదే. కొబ్బరితోటల మధ్య పెరిగినవాళ్లకి ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు అని చెప్పి ఆపడం కష్టం. "తాగండి, ఏం కాదు" అని ఎవరు రాసినా తీసేసి, డాక్టరుని అడగమంటాం. వాదన ముదిరితే స్లో మోడ్ పెడితే ఒక్కొక్కరు ఐదు నిమిషాలకో మెసేజే పెట్టగలరు. ఏ అడ్మిన్ ఏం తీసేశారో మిగతా అడ్మిన్లకి 48 గంటల పాటు కనిపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. మనవాడని ఒకర్ని వదిలేసి, గిట్టనివాణ్ణి గెంటేస్తే దొరికిపోతాం.

ఇరుగుపొరుగుకి తెలియకుండా ఉండడానికి ఇది చాలు, అంతకుమించి ఆశించొద్దు. గ్రూపు మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప కంపెనీ కూడా చదవలేని తాళం) లేదు. 2024 సెప్టెంబరులో టెలిగ్రామ్ మార్చిన నియమాల ప్రకారం, చట్టబద్ధంగా అడిగితే నియమాలు మీరినవాళ్ల నంబరు, ఐపీ అడ్రసు అధికారులకి ఇస్తారు. బ్రోకర్ల సంగతి చూస్తే అది ఉండాల్సిందే అంటాను.

5కి 4 ఇస్తాను. పెద్దవాళ్లని చేర్పించేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని సెట్టింగ్స్ మీరే మార్చిపెట్టండి.