మోటారు మౌంట్‌తో మూడేళ్లు

మా మేడ మీద ఈ గో-టూ మౌంట్ పెట్టి మూడేళ్లయింది. అడిగిన చుక్క వైపు టెలిస్కోపును మోటార్లతో తనే తిప్పే పీఠం ఇది. 130 ఎం.ఎం. ట్యూబు, చేతిలో కీప్యాడ్, పైన కర్నూలు ఆకాశం. మొదటి నెలలో వెనక్కి పంపేద్దామనుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా ఇవ్వను.

మొదటి రాత్రి మార్చి 5. సిరియస్ చుక్క దక్షిణాన బాగా ఎత్తులో మెరుస్తుంటే, దాన్ని చూపమని కీప్యాడ్ నొక్కితే ట్యూబు పడమటి పిట్టగోడ వైపు వంగి ఆగింది. మోటారు పోయిందనుకున్నాను. వారం తర్వాత తెలిసింది, ఇందులో తేదీ కొట్టేటప్పుడు ముందు నెల, తర్వాత రోజు కొట్టాలని. నేను 05/03 అని కొడితే అది మే 3 అనుకుంది. రెండు నెలల తేడా అంటే ఆకాశం దాదాపు 60 డిగ్రీలు జరిగినట్టే! టైమ్ జోన్ +5:30, డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం, మన దగ్గర లేదు) 'నో', మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు కూడా సరిచూసుకోండి.

తర్వాతి టెన్షన్ బ్యాటరీలతో. ఎనిమిది పెన్ను బ్యాటరీలు పడతాయి. అవి కాస్త నీరసించాయంటే చాలు, వేగంగా తిప్పగానే కీప్యాడ్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, చేసిన అలైన్‌మెంట్ (తెలిసిన చుక్కలు చూపి మౌంట్‌కి ఆకాశం గుర్తుపట్టించడం) అంతా పోతుంది. ఒకసారైతే బటన్ వదిలేసినా ట్యూబు తిరుగుతూనే ఉంది. 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక ఆ బాధ లేదు. పిన్ను మధ్యలో ప్లస్సేనా అని చూసుకున్నాకే గుచ్చండి.

అలైన్‌మెంట్‌కి ధ్రువ నక్షత్రం అక్కర్లేదు. మాకది 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డం. వేర్వేరు దిక్కుల్లో రెండు చుక్కలు చాలు. మార్చిలో నేను సిరియస్, తూర్పున మఘ తీసుకుంటాను. చుక్కను మధ్యకు తెచ్చేటప్పుడు చివరగా పైకి, కుడికి బటన్లే నొక్కాలి. గేర్ల మధ్య ఉండే వదులు అలా ఒకే వైపు సర్దుకుంటుంది. ఈ ఒక్క అలవాటుతో నాకు గురి ఎంత మెరుగైందో!

130 రెట్లు పెద్దదిగా చూస్తున్నప్పుడు మోటారు లేకపోతే శనిగ్రహం నిమిషంన్నరలో అద్దం దాటిపోతుంది. ఇప్పుడు వీధి పిల్లలంతా వరుసలో నిలబడి చూసేదాకా వలయాలు అక్కడే ఉంటాయి. అందుకే నాకిదంటే అంత ఇష్టం.

స్టాండు మాత్రం బలహీనం. కాళ్లు పూర్తిగా లాగితే గాలికి బొమ్మ వణుకుతుంది. నేను కాళ్లు లోపలికి తోసేసి, స్టూలు మీద కూర్చునే చూస్తాను.