"రెడ్ లెగ్" అని అమ్మిన పీత: ఉప్పునీటి ట్యాంకులో హెర్మిట్ క్రాబ్‌లతో నా అనుభవం

ముందే చెబుతున్నాను, ఉప్పు ఎంత కలపాలి, ఫిల్టర్ ఏది కొనాలి వంటివి ఇందులో ఉండవు. సముద్రపు చేపలు పెంచేవాళ్లకు అవన్నీ కొట్టిన పిండే. నా ఫిర్యాదు ఒక్కటే. మన దగ్గర హెర్మిట్ క్రాబ్‌లను, అంటే ఖాళీ నత్తగుల్లల్లో కాపురముండే పీతలను, కాళ్ల రంగు చూసి అమ్ముతారు. ఎర్రగా ఉంటే రెడ్ లెగ్, నీలంగా ఉంటే బ్లూ లెగ్, రెండూ కాకపోతే మిక్స్‌డ్. తొట్టిలో చేయి పెట్టి గుప్పెడు తీసి కవర్లో వేస్తారు. ఆ గుప్పెట్లో ఏ జాతి వచ్చిందన్నది కొనేవాడి అదృష్టం. తిరుపతిలో మూడో వేసవి చూస్తున్న నా ట్యాంకుకు ఆ గుప్పెట్లోనే మంచీ వచ్చింది, చెడూ వచ్చింది.

నా ట్యాంకు పెద్దదేమీ కాదు, రెండు వందల లీటర్లలోపే. రాళ్లు, ఒక జత క్లౌన్ చేపలు, పాచి కోసం టర్బో నత్తలు, అంతే. పగడాలు లేవు. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు ఏ ధరకు ఇస్తామన్నా వాటి జోలికి పోదలచుకోలేదు. కాబట్టి ఈ పీతలు పగడాలను ఏం చేస్తాయో నన్ను అడగకండి. నత్తలను ఏం చేస్తాయో మాత్రం చెప్పగలను.

పీతలను చెన్నైలో ఒక దుకాణంలో కొన్నాను. పుత్తూరు మీదుగా బస్సులో వస్తూ ఒళ్లో కవరు పెట్టుకున్నాను. ప్రయాణాన్ని తట్టుకోవడంలో చేపల కంటే ఇవే నయం, ఒక్కటీ చావలేదు. "అన్నీ రీఫ్ సేఫే సార్, పాచి తప్ప ఏమీ ముట్టుకోవు" అన్నాడు అమ్మినతను. రీఫ్ సేఫ్ అంటే ట్యాంకులోని పగడాలకూ ఇతర ప్రాణులకూ హాని చెయ్యనివని. మొదటి నెలల్లో నేనూ అదే మాట అందరికీ చెప్పాను. రాళ్ల మీద వెంట్రుకల్లా పెరిగిన పాచిని చిన్న డెక్కలతో పీకి పీకి తింటుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఆ మెప్పును ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. పొట్టిగా ఉన్న పాచినే తింటాయి. ఒకసారి పొడుగ్గా పెరిగిందంటే చేత్తో పీకెయ్యాల్సిందే. అద్దం మీద పొరలా పట్టేదానికి ఇవి పనికిరావు, దానికి నత్తలే కావాలి. నిజానికి నా ట్యాంకులో పాచి తగ్గింది బోరు నీళ్లు మానేసి ఆర్.ఓ. నీళ్లు వాడటం మొదలుపెట్టాకే. ఆ పేరు పీతలకు వచ్చింది.

ఇక అసలు సంగతి. టర్బో నత్తలు ఒక్కొక్కటే కనబడకుండా పోసాగాయి. ముసలివై చచ్చాయనుకున్నాను. తరవాత ఎండాకాలం వేడి అనుకున్నాను. ఉప్పు శాతం చూశాను, అమ్మోనియా చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. అంతలో ఆ గుంపులోని ఎర్ర పీత కొత్త గుల్లలో కనిపించింది. కొన్నాళ్లకు ఇంకా పెద్ద గుల్లలో. ఖాళీ గుల్లలు ఒక మూల పోసి పెట్టాను కాబట్టి అక్కడినుంచే తీసుకుంటోందని సంబరపడ్డాను కూడా. కానీ ఆ మూలలో గుల్లలు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టి రాత్రిపూట కాపలా కాశాను. ఎర్ర వెలుగును ఇవి పెద్దగా పట్టించుకోవు. రాతి కింద ఒక టర్బో నత్త వెల్లకిలా పడి ఉంది. లోపలికి ముడుచుకున్నప్పుడు అడ్డం పెట్టుకునే దాని గట్టి మూత ఊడి ఇసుకలో పడి ఉంది. ఎర్ర పీత ఆ గుల్లను కాళ్లతో ఒడిసి పట్టుకుని, ఎడమ డెక్కను లోపలికి దించింది. లాగింది, నోటికి అందించుకుంది, మళ్లీ దించింది. తొందరేమీ పడలేదు. తిన్నాక వదిలి పోతుందనుకుంటే పోలేదు. అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినవాడు కుళాయిలు తిప్పి చూసినట్టు గుల్లను అటూ ఇటూ దొర్లించింది, నోటి అంచంతా తడిమింది, లోపలికి కాలు పెట్టి లోతు చూసింది. ఉన్నట్టుండి పాత గుల్లలోంచి బయటికి వచ్చి వెనక్కి వెనక్కి కొత్తదాంట్లోకి దూరింది. రెప్పపాటు సేపు దాని వెనకభాగం కనిపించింది. మెత్తగా, తోలు మాత్రమే కప్పినట్టు, కుడివైపు మెలితిరిగి ఉంది. నత్తగుల్లల్లో ఎక్కువ భాగం కుడివైపు చుట్టుకునేవే కాబట్టి ఆ మెలి వాటికి సరిగ్గా సరిపోతుంది. ఆ కొసన ఉండే కొక్కేల వంటి అవయవాలతో గుల్ల మధ్యనున్న స్తంభాన్ని పట్టుకుంటుంది. అందుకే హెర్మిట్‌ను గుల్లలోంచి లాగకూడదు. తెగి చేతికొస్తుంది గానీ పట్టు వదలదు.

మర్నాడు దాన్ని గాజు గ్లాసులో పెట్టి ఫోనుతో దగ్గరగా ఫొటోలు తీశాను. కాళ్ల నిండా ముతక వెంట్రుకలు. ఎరుపు మీద తెల్లని చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ నల్లని అంచు. ఇంత స్పష్టమైన గుర్తు ఇంకే పీతకూ ఉండదేమో. అది దార్దానస్ మెగిస్టోస్. చిన్నప్పుడు గోలీకాయంత గుల్లలో ఇమిడిపోతుంది, ఎదిగితే అరచేతిని మించుతుంది. మాంసం తింటుంది, దొరికితే నత్తల్ని, నిద్రపోయే చేపల్ని కూడా. విదేశీయులు రాసిన వాటిలో అందరూ మెచ్చుకునే రెడ్ లెగ్ వేరు. అది పాగురిస్టెస్ కాడెనాటి, అట్లాంటిక్ జాతి. కళ్ల కాడలు పసుపు రంగులో ఉంటాయి, ఒంటి మీద నల్లని అంచున్న తెల్లచుక్కలు ఉండవు, పెద్దగా ఎదగదు, సాధువు. బ్లూ లెగ్ సంగతీ అంతే. అక్కడివాళ్లు చెప్పే క్లిబనారియస్ ట్రైకలర్ కరీబియన్ సముద్రానిది. మనకు చవకగా దొరికే నీలికాళ్ల పీత అదే కావాలన్న నియమం లేదు. ఆ వ్యాసాలు చదివి, ఈ దుకాణాల్లో అవే పేర్లు విని కొంటే చివరికి బలైపోయేది నత్తలే.

ఇక్కడ ఇంకో సలహా మీద కూడా నాకు చిరాకు. "ఖాళీ గుల్లలు వేసి పెట్టండి, నత్తల్ని చంపవు" అంటారు. ఇల్లు కోసం చంపే చిన్న పీతల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. మా ఇంట్లోనూ పనిచేసింది. ఆకలి కోసం చంపేదానికి మాత్రం బుట్టెడు గుల్లలు పోసినా ఒకటే.

ఆ గుప్పెట్లోనే వచ్చిన మంచి కూడా చెప్పాలి. అదే కాల్సినస్ లేవిమానస్. ఎడమ డెక్క నున్నగా, ఉబ్బెత్తుగా, తెల్లగా ఉంటుంది, కుడిది దానిముందు చాలా చిన్నది. మీసాలు నారింజ రంగు, కళ్ల కాడల్లో నీలపు ఛాయ. నాకు దీని మీద ఉన్న ప్రేమంతా ఆ ఎడమ డెక్క వల్లే. భయపడినప్పుడు లోపలికి జరిగి ఆ డెక్కతో గుల్ల నోటిని అచ్చంగా తలుపేసినట్టు మూసేస్తుంది. అందుకే గుండ్రటి నోరున్న చిన్న టర్బో గుల్లలంటే దానికి మోజు. క్లిబనారియస్ జాతులకు రెండు డెక్కలూ దాదాపు సమానం, తలుపు లేదు. అవి కనపడనంత లోతుకు ముడుచుకుపోతాయి. దుకాణంలో నేనిప్పుడు చేసే పరీక్ష ఇదే. గ్లాసులో వేయించి, మెల్లగా కదిపి, ఒక నిమిషం ఆగుతాను. తెల్లని తలుపు పడితే తీసుకుంటాను. లోతుకు పోయి, మళ్లీ బయటికి వచ్చినప్పుడు సమానమైన డెక్కలు చూపిస్తే అదీ తీసుకుంటాను. ఎడమ డెక్క పెద్దదై, ఒళ్లంతా వెంట్రుకలుంటే దండం పెట్టి వచ్చేస్తాను. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

బీచిలో దొరికేవాటి గురించి అడిగేవాళ్లకు ఒక మాట. నేలమీద తిరిగే సీనోబిటా జాతుల్ని నీళ్ల ట్యాంకులో ముంచితే ఊపిరాడక చస్తాయి. వాటి కళ్ల కాడలు నొక్కినట్టు ఉంటాయి, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. ఇసుకలో అలల అంచున పరిగెత్తే డయోజెనిస్ జాతుల్లో చాలావాటికి ఈకల్లాంటి మీసాలతో నీళ్లలో కొట్టుకొచ్చే ఆహారాన్ని వడకట్టి తినే అలవాటు. రాళ్ల ట్యాంకులో వాటికి పస్తే. తూపిలిపాలెం వెళ్లినప్పుడు చూసి ఆనందించి అక్కడే వదిలేసి వస్తాను.

తిరుపతి ఎండలకు ఇవి ఆగుతాయా అంటే, నా దగ్గర ఆగాయి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత లేదు. నీటి పైన ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్లు మాత్రం గబగబా ఇంకిపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, కనుక పైన పోసేది ఉప్పు కలపని ఆర్.ఓ. నీళ్లే అయి ఉండాలి. కరెంటు పోయినప్పటి కోసం బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాల్సిందే. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే దుకాణంవాళ్లు ఇచ్చే మందు సీసా మీద రాగి (కాపర్) అని ఉందేమో చూడండి. చేప బతుకుతుంది, పీతలు బతకవు. జబ్బుపడిన చేపను వేరే తొట్టిలోకి తీసి మందు వెయ్యండి.

కుబుసం సంగతి తెలియనివాళ్లు కంగారు పడతారు. ఒక ఉదయం గుల్ల బయట కాళ్లూ డెక్కలూ మీసాలతో సహా పీత పడి ఉంటుంది. ముట్టుకుంటే బోలుగా, కాగితంలా ఉంటే అది కుబుసం, పీత రాతి వెనక క్షేమంగా ఉన్నట్టే. వాసన వస్తే మాత్రం చచ్చిందని అర్థం.

ఎర్రదాన్ని ఏం చేశానంటారా? సముద్రంలో వదలమని చెప్పినవాళ్లున్నారు. ట్యాంకు నీళ్లలో ఉన్న ప్రాణిని తీసుకెళ్లి ఏదో ఒక తీరాన పారెయ్యడం నాకు ఇష్టం లేదు. హాల్లో వేరే ట్యాంకులో పెట్టాను. విచిత్రమేమిటంటే, ఇంటికి వచ్చినవాళ్లు చేపల్ని వదిలేసి దాని ముందే కూర్చుంటారు. అమ్మకు మొదట్లో ఫ్రిజ్‌లో దాని కోసం రొయ్యముక్కలు ఉండటమే గిట్టేది కాదు. "శనివారం కూడా ఆ ఎండ్రకాయకు నీచేనా నాయనా?" అని ఒకసారి గట్టిగానే అడిగింది. అప్పటినుంచి శనివారం దానికి ఎండబెట్టిన సముద్రపు నాచు ముక్క. తింటోంది, కానీ మర్నాటి రొయ్యను లాక్కునే తీరు చూస్తే ఒక పూట ఉపవాసం ఉన్నట్టే లెక్క.

కాబట్టి కొనమంటానా? నత్తల్ని పెంచేవాళ్లయితే లేవిమానస్ తీసుకోండి, గుల్లలు పుష్కలంగా వేయండి, అయినా చిన్న నత్తల మీద ఆశ పెట్టుకోకండి. ఖరీదైన నత్తలుంటే అసలు హెర్మిట్‌లే వద్దు. నాలాగా రెండో ట్యాంకుకు చోటు, ఓపిక ఉంటే మెగిస్టోస్ ఒక్కదాన్నే పెంచుకోవచ్చు, కానీ అది ఎదిగేకొద్దీ పెద్ద గుల్లలు వెతకడం మీ పనవుతుంది. గాజుబొమ్మల దుకాణాల్లో వార్నిష్ పూసి అమ్మే శంఖాలు పనికిరావు. నాకిప్పుడు పిడికిలంత టర్బో గుల్ల, పూత లేనిది, కావాలి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే ధర చెప్పండి.