పంకా మీది సున్నపు పొరకు సల్ఫామిక్ ఆమ్లం పొడి: మూడు సీజన్ల వాడకం తర్వాత

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఉండే మా మరబోటును ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలో స్లిప్‌వే (పడవలను నీళ్లలోంచి పైకి లాగే వాలు) మీదికి ఎక్కిస్తాం. నీళ్లలో తిరుగుతూ బోటును నడిపే ఇత్తడి పంకాకు (ప్రొపెల్లరుకు) పట్టిన సున్నపు పొరను వదిలించడానికి గత మూడు నిషేధాల నుంచి సల్ఫామిక్ ఆమ్లం పొడినే వాడుతున్నాను.

ఆ పొరలో అంతా గుల్లలే ఉండవు. బోటు అడుగుకు అతుక్కునే బార్నకిల్ అనే సముద్ర జీవుల గుల్లలు, గొట్టపు పురుగుల గూళ్లు కంటికి కనిపిస్తాయి గానీ, వాటి మధ్య గోడకు వేసిన వెల్లలాంటి గట్టి తెల్లని పొర మరొకటి ఉంటుంది. షాఫ్టుకు (పంకాను తిప్పే ఇరుసుకు) బిగించిన జింకు పలక తాను కరుగుతూ పంకాను తుప్పు నుంచి కాపాడుతున్నప్పుడు, పంకాను ఆనుకున్న నీటిలో క్షారగుణం పెరిగి, సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అక్కడే పేరుకుంటాయి. రెక్కల నునుపు పోతే ఇంజను అదే వేగానికి ఎక్కువ డీజిలు తాగుతుంది.

ఈ పొడికి మారడానికి కారణం ఒక నష్టం. నాలుగేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం నేరుగా పోసి, సాయంత్రం దాకా అలాగే వదిలేశారు. పొర పోయింది గానీ, రెక్కల అంచుల్లో గులాబీ రంగు మచ్చలు తేలాయి. ఇత్తడి చెంబును చింతపండు పులుసులో మరిచిపోతే ఎర్రబారినట్టే, లోహంలోని జింకు కరిగి రాగి మాత్రమే మిగిలిందన్నమాట. గోరుతో గీరితే ఆ చోట పొడి రాలింది.

సల్ఫామిక్ ఆమ్లం కూడా ఆమ్లమే. అయితే ఇది ముక్కు మండించే పొగలు వదలదు, లోహాన్ని అంత ఆత్రంగా తినదు, కరిగిన సున్నం నీళ్లలోనే ఉండిపోతుంది. మేము 10 లీటర్ల చల్లని మంచినీళ్లలో 1 కిలో పొడి కలుపుతాం. ముందుగా జింకు పలకను తప్పనిసరిగా విప్పేస్తాం, లేకపోతే ఆమ్లం దాన్నే మొదట తినేస్తుంది. ఆ నీళ్లలో తడిపిన గోనె పట్టాలను రెక్కలకు చుట్టగానే, సోడా సీసా మూత తీసినప్పటిలా సన్నని చప్పుడుతో నురగ లేస్తుంది. నురగ ఆగితే పట్టాలను మళ్లీ తడపాలి. మా పంకాకు ఇలా నాలుగు తడవలు పట్టింది. తర్వాత చెక్క గరిటెతో గీరితే పొర పెచ్చులుగా ఊడి వస్తుంది. చివర వంటసోడా నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో బాగా కడుగుతాం.

దీనికి చేతకాని పని కూడా ఉంది. గుల్ల కరిగినా, దాన్ని లోహానికి అతికించిన జిగురు గుండ్రని మచ్చలా మిగిలిపోతుంది, దాన్ని స్క్రబ్బరుతో రుద్దక తప్పదు. తొందరపడి గ్రైండరు పెడితే రెక్క అంచు అరిగి, తిరిగేటప్పుడు షాఫ్టు అదురుతుంది. పైగా సీసాల్లో దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కంటే ఈ పొడి ఖరీదెక్కువ. అయినా పంకా బాగుపడాలంటే ఆ తేడా భరించదగినదే.

నన్ను నిజంగా బాధించింది సంచి మీది సూచనలు. అవి ఒక్క ముక్క తెలుగులో లేవు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టకూడదనీ, బ్లీచింగు నీళ్లతో కలిస్తే విషవాయువు పుడుతుందనీ ఆ పని చేసే కళాసీలకే ముందుగా తెలియాలి. అందుకే ఆ రెండు మాటలనూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, మా సంచి మీద అతికించాను.