వందల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, ఒకే స్టైల్‌షీటు: లూపా, ఫోల్డరా, కలెక్షనా?

ఎక్స్‌ఎంఎల్‌ని హెచ్‌టీఎంఎల్‌లాంటి వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీటు ఒక ఫైలు మీద చక్కగా నడిచింది, మూడొందల ఫైళ్ల మీద నడపడమెలా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మొన్న ఒక పాత నిఘంటువు పేజీలను హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చి, మాటలన్నిటికీ ఒక సూచిక కూడా చేయాల్సొచ్చి నేనూ అన్ని దారులూ తొక్కాను.

కమాండ్లు కొట్టే షెల్‌లో ఫర్ లూపు పెట్టి, ఒక్కో ఫైలునీ స్టైల్‌షీటు నడిపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రోగ్రాముకి అందించడం ఒకటి. అదే పని చేసే, జావాలో నడిచే శాక్సన్‌కి ఫైలు బదులు ఫోల్డరే ఇచ్చేయడం రెండోది. స్టైల్‌షీటులోనే కలెక్షన్ ఫంక్షన్‌తో ఫోల్డరంతా చదివించడం మూడోది.

అందరూ ముందు వేగం సంగతే ఎత్తుతారు. లూపులో శాక్సన్‌ని మాత్రం పెట్టకండి, ఫైలుఫైలుకీ జావా మళ్లీ లేవాలి. ఫోల్డరు ఇస్తే ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కి జావా గొడవే లేదు.

నా మటుకు తేల్చేది వేగం కాదు, చెడ్డ ఫైలు. నా పేజీల్లో ఒకచోట అండ్ గుర్తుని (&) ఎస్కేప్ చేయకుండా, అంటే & అని రాయకుండా వదిలేశారు. లూపులో ఆ ఒక్కటే ఆగింది, మిగతావన్నీ అయిపోయాయి. కానీ నేను అవుట్‌పుట్‌ని షెల్ బాణం గుర్తుతో (>) ఫైలులోకి మళ్లించాను. ప్రోగ్రాము మొదలవకముందే షెల్ ఆ ఫైలుని సృష్టించేస్తుంది కదా, సున్నా బైట్ల హెచ్‌టీఎంఎల్ మిగిలింది. ఫైళ్లు లెక్కపెడితే సరిపోయాయి, తెరిస్తే గానీ తెలియలేదు! ఇప్పుడు ముందు తాత్కాలిక పేరుతో రాయించి, ప్రోగ్రాము ముగిశాక ఇచ్చే ఎగ్జిట్ కోడు సున్నా (అంటే తప్పు లేదు) అయితేనే అసలు పేరు పెడుతున్నా. సున్నా కాకపోతే ఆ ఫైలు పేరు లాగ్‌లోకి వెళ్తుంది. సరిదిద్దాక దాన్నొక్కదాన్నే మళ్లీ నడిపితే చాలు. అన్నట్టు, లూపులో ఫైలు పేరు చుట్టూ డబుల్ కోట్స్ మరిచిపోతే, స్పేసున్న పేరు రెండు ముక్కలవుతుంది.

కలెక్షన్‌లో అన్నీ కలిపి ఒకటే పరుగు. చదవలేని ఫైలుని హెచ్చరికతో దాటెయ్యమని శాక్సన్‌కి చెప్పొచ్చు, కానీ అప్పుడు ఆ పేజీ మాటలు సూచికలో ఉండవు. అయినా అన్ని పేజీల మాటల్నీ కలిపి మొదటి అక్షరం వారీగా విడగొట్టాలంటే అదే సుఖం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0లోని, గుంపులుగా విడగొట్టే ఫర్-ఈచ్-గ్రూప్ ఒక్కటి పెడితే పని అయిపోతుంది. 1999 నాటి 1.0 దగ్గరే ఆగిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌తో అదే పనికి ఎక్స్‌ఎస్‌ఎల్ కీ (xsl:key)లు కట్టుకుని తిప్పలు పడాలి. అందుకే పేజీలు లూపుతో చేసి, సూచిక ఒక్కటీ శాక్సన్‌కి అప్పగించాను.

పైథాన్ వచ్చినవాళ్లకి ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే లైబ్రరీ ఉంది. దాని లోపల ఉన్నదీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ వాడే లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీయే, కాబట్టి అక్కడా 1.0యే. విండోస్ బ్యాచ్ ఫైలులోనూ లూపు నడుస్తుంది, కాకపోతే వేరియబుల్ ముందు పర్సెంట్ గుర్తు రెండుసార్లు కొట్టాలి.