కాలానికి అతీతుడా, కాలమంతటా ఉన్నవాడా: దేవుని నిత్యత్వాన్ని ఎలా అర్థం చేసుకోవడం మేలు?

క్రైస్తవ సంఘాల మధ్య భిన్నాభిప్రాయాలకు కొదువ లేదు. అయినా ఒక్క విషయంలో మాత్రం కతోలికులు, ఆర్థడాక్స్ సంఘాలవారు, ప్రొటెస్టెంటులు ఒకే మాట చెబుతారు: దేవునికి ఆది లేదు, అంతం లేదు, ఆయనకు ఉనికిని ఇచ్చినవారు ఎవరూ లేరు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతో మొదలవుతుంది. ఆద్యంతాలు లేని ఆ జీవం ఎలాంటిది? నిన్న, నేడు, రేపు అనే మన వరుసలోనే ఆయన కూడా ఉంటూ, ఆ వరుసకు ఏ వైపునా కొస లేకపోవడమే నిత్యత్వమా? లేక ఆ వరుస అనేదే ఆయనకు వర్తించదా? మొదటిదాన్ని నిరంతర నిత్యత్వం అనీ, రెండోదాన్ని కాలాతీత నిత్యత్వం అనీ పిలుచుకుందాం. రెండూ బైబిలును గౌరవించే విశ్వాసులు చెప్పినవే, రెండింటికీ బలమైన వాదనలు ఉన్నాయి. నేను ఒకవైపు మొగ్గుతాను, ఎందుకో చెబుతాను. అయితే ఆ మొగ్గుకు చెల్లించవలసిన మూల్యాన్ని దాచిపెట్టను.

ముందుగా ఒక మాట సంగతి తేల్చుకోవాలి. దేవుని స్వయం అస్తిత్వాన్ని చెప్పడానికి తెలుగులో "స్వయంభువు" అనే మాట చప్పున నోటికొస్తుంది. వినడానికి గంభీరంగా ఉన్నా, దాని అర్థం "తనంతట తాను పుట్టినవాడు" అని. క్రైస్తవ బోధ చెప్పేది అది కాదు. తనను తాను పుట్టించుకోవాలంటే, పుట్టకముందే ఉండాలి కదా. 17వ శతాబ్దంలో తత్త్వవేత్త డెకార్ట్ దేవుడు ఒక రకంగా తనకు తానే కారణమని చెప్పడానికి సిద్ధపడ్డప్పుడు, సమకాలీన వేదాంతులు అభ్యంతరం చెప్పింది ఇందుకే. దేవునికి కారణం ఆయనే అనడం కన్నా, దేవునికి కారణమే లేదు అనడం సరైనది. అందుచేత నిర్గమకాండం 3:14లో మన తెలుగు బైబిలు వాడిన "ఉన్నవాడను" అనే సాదా మాటే నాకు మేలనిపిస్తుంది. పుట్టుక ఊసే లేని మాట అది.

ఆ మాట వినిపించిన చోటును కాస్త దగ్గరగా చూడాలి. పొద మండుతోంది, కాని కాలిపోవడం లేదు. మనకు తెలిసిన ప్రతి మంటా ఏదో ఒకదాన్ని తిని బతుకుతుంది. నూనె అయిపోతే దీపం కొండెక్కుతుంది, కట్టె అయిపోతే పొయ్యి చల్లారుతుంది. మోషే దారి మళ్లి చూడబోయిన మంటకు మాత్రం ఆ పొద ఆహారం కాదు, అది పొదలో ఉంది గాని పొద వలన లేదు. తన పేరు చెప్పకముందే దేవుడు తన స్వభావాన్ని మోషే కళ్లకు చూపించాడని నేను నమ్ముతాను. యోహాను సువార్త 5:26 దీన్నే "తనంతట తానే జీవముగలవాడు" అంటుంది. ఏథెన్సులో పౌలు, దేవుడు తనకేదో కొదువ ఉన్నట్టు మనుష్యుల చేతులతో సేవింపబడేవాడు కాడనీ, అందరికీ జీవాన్నీ ఊపిరినీ ఇచ్చేవాడు ఆయనేననీ అపొస్తలుల కార్యములు 17:25లో చెబుతాడు. నిత్యత్వం గురించిన ఏ సిద్ధాంతాన్నయినా చివరికి తూచవలసింది ఈ తక్కెడలోనే: ఆ సిద్ధాంతం దేవుణ్ణి మరొక దానిపై ఆధారపడేలా చేస్తుందా, చేయదా?

కాలాతీత నిత్యత్వాన్ని అర్థం చేసుకోవడానికి తొలి శతాబ్దాల సంఘ వేదాంతి అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథం 11వ భాగంలో ఇచ్చిన ఉదాహరణకు మించినది నాకు దొరకలేదు. కంఠస్థంగా వచ్చిన ఒక కీర్తనను చదువుతున్న మనిషిని ఊహించుకోమంటాడు ఆయన. మనం "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని మొదలుపెడితే, "కాపరి" అనేసరికి "యెహోవా" అన్న శబ్దం గాలిలో కలిసిపోయి జ్ఞాపకంలోకి చేరిపోయి ఉంటుంది, "లేమి" ఇంకా రాలేదు, ఎదురుచూపులోనే ఉంది. నోటి మీద ఉన్నది ఒక్క అక్షరమే. మన బతుకంతా ఇంతే: జరిగినది చేజారిపోయింది, జరగబోయేది చేతికి అందలేదు, మధ్యలో నిలవని ఒక్క క్షణం. సుమారు క్రీ.శ. 524లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ చెరసాలలో రాసిన గ్రంథంలో రోమన్ తత్త్వవేత్త బొయేథియస్ ఇచ్చిన నిర్వచనం సరిగ్గా ఈ లోటు మీదనే నిలుస్తుంది. అంతులేని జీవాన్ని మొత్తంగా, ఒక్కసారిగా, పరిపూర్ణంగా కలిగి ఉండడమే నిత్యత్వమని ఆయన అన్నాడు. ఆ నిర్వచనంలో ముఖ్యమైన మాట "జీవం". కాలాతీతుడు అనగానే చాలామందికి సంఖ్యల్లాగా, రేఖాగణిత సూత్రాల్లాగా కదలిక లేని ఒక జడ పదార్థం మనసులో మెదులుతుంది. బొయేథియస్ ఉద్దేశం దానికి పూర్తిగా వ్యతిరేకం. మనం ముక్కముక్కలుగా అనుభవించి పోగొట్టుకునే జీవాన్ని దేవుడు ఏ ముక్కా పోకుండా కలిగి ఉన్నాడన్నదే ఆయన భావం. 11వ శతాబ్దంలో అన్సెల్ము, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతులు ఈ దారినే నడిచారు. దారిన నడిచేవాడికి తన వెనుక వచ్చేవారు కనబడరనీ, ఎత్తు మీద నుంచి దారినంతా చూసేవాడికి మాత్రం ప్రయాణికులందరూ ఒక్కసారే కనబడతారనీ అక్వినాస్ చెప్పిన పోలిక ప్రసిద్ధమైనది.

నిరంతర నిత్యత్వం వైపు ఉన్నవారు అడిగేది ఒకటే: ఇదంతా బాగానే ఉంది గాని, బైబిల్లో ఉన్న దేవుడు ఇలా ఉన్నాడా? ఆయన పిలుస్తాడు, ఎదురుచూస్తాడు, కోపిస్తాడు, కోపం మానుకుంటాడు. నీనెవె వాళ్లు మారుమనస్సు పొందాక, చేస్తానన్న కీడు చేయక మానేశాడు. ఇవన్నీ ముందు వెనుకలు ఉన్న క్రియలు. 1946లో బైబిలు పండితుడు ఆస్కార్ కూల్‌మన్, తొలి క్రైస్తవుల దృష్టిలో నిత్యత్వం అంటే కాలం లేకపోవడం కాదు, అంతులేని కాలమేననీ, కాలరహిత నిత్యత్వం గ్రీకు తత్త్వచింతన నుంచి వచ్చిందనీ వాదించాడు. 1975లో తత్త్వవేత్త నికొలస్ వోల్టర్‌స్టార్ఫ్ ఇంకా సూటిగా, చరిత్రలో క్రియ జరిపి విమోచించే దేవుడు కాలరహితుడు కాలేడని రాశాడు.

ఈ వాదన బలం పుస్తకాల్లో కన్నా రోగి మంచం పక్కన ఎక్కువగా తెలుస్తుంది. తెల్లవారితే ఆపరేషన్, రాత్రి రెండు గంటలైంది, మంచం కడ్డీ పట్టుకుని ఒక తల్లి "ప్రభువా, ఈ రాత్రి గడిచేదాకా మాతో ఉండు" అని ప్రార్థిస్తోంది. ఆ తల్లికి కావలసినది తనతో పాటు ఆ రాత్రిని గడిపే దేవుడు. ఆయనకు రాత్రీ తెల్లవారుజామూ ఒక్కసారే ఎదుట ఉన్నాయని చెబితే ఆమెకు అది ఓదార్పుగా వినబడుతుందా, దూరంగా వినబడుతుందా? కాలాతీత నిత్యత్వాన్ని బోధించేవారు ఈ ప్రశ్నను తేలిగ్గా దాటవేయడం నేను విన్నాను. అది తేలిక ప్రశ్న కాదు.

వాక్యమే తేల్చేస్తుందిలే అనుకుంటే, అంత సులువుగా తేలదు. "యుగయుగములు నీవే దేవుడవు" అని 90వ కీర్తన 2వ వచనం అన్నప్పుడు యుగాల వరుస కనబడుతుంది. రెండు వచనాలు దాటగానే వెయ్యేళ్లు ఆయనకు గతించిన నిన్నటిలా, రాత్రిలో ఒక జాములా ఉన్నాయని అన్నప్పుడు ఆ వరుస కుదించుకుపోతుంది. ప్రకటన 1:8లో మన అనువాదం వర్తమాన, భూత, భవిష్యత్కాలాలు మూడింటినీ పేర్కొంటుంది. గ్రీకు మూలంలో మూడో మాట "ఉండబోయేవాడు" కాదు, "వస్తున్నవాడు". వ్యాకరణంలోని మూడు కాలాలను నింపడం కన్నా, రాబోతున్నాడన్న నిరీక్షణే అక్కడ ముఖ్యం. నిర్గమకాండం 3:14లోని హెబ్రీ క్రియకు "ఉన్నాను", "ఉంటాను" అనే రెండు అర్థాలూ చెప్పవచ్చు. అంతకు రెండు వచనాల ముందు "నేను నీకు తోడైయుందును" అన్నప్పుడు వాడిందీ అదే క్రియ. అంటే, మోషే విన్న పేరులో స్వయం అస్తిత్వమూ తోడుండే వాగ్దానమూ ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని వదులుకున్న సిద్ధాంతమైనా సగం పేరునే పలుకుతోందన్నమాట.

ఇప్పుడు తక్కెడ దగ్గరికి వద్దాం. దేవుడు మొదలులేని కాలం గుండా జీవిస్తూ వచ్చాడంటే, ఆయన జీవంలో గడిచిపోయిన భాగం ఒకటీ, ఇంకా రాని భాగం ఒకటీ ఉండక తప్పదు. కాలం ఒక వస్తువు కాదు, దేవుని సొంత జీవంలోని క్రమానికే కాలమని పేరు, కనుక ఆయన బయటి దేనిమీదా ఆధారపడడం లేదు అని ఆ పక్షంవారు సమాధానం చెబుతారు. ఈ సమాధానాన్ని గౌరవంగానే తీసుకోవాలి, ఎందుకంటే దేవుని కన్నా ముందు, దేవుని కన్నా పెద్దదైన కాలం అనే ఒక పాత్రలో ఆయన్ను పెడుతున్నారన్న ఆరోపణ దీంతో వీగిపోతుంది. కాని అసలు ఇబ్బంది పాత్ర కాదు, పోగొట్టుకోవడం. తన జీవంలోని ఒక క్షణం చేజారకుండా ఆపలేనివాడు, రాబోయే క్షణం కోసం వేచి ఉండవలసినవాడు, జీవాన్ని పూర్తిగా తన అధీనంలో ఉంచుకున్నవాడని చెప్పడం కష్టం. దానికి తోడు అగస్టీను ఎదుర్కొన్న పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది: సృష్టికి ముందు అనంతకాలం ఊరకే గడిచి ఉంటే, ఆ క్షణంలోనే ఎందుకు సృష్టించాడు, అంతకు ముందు ఎందుకు కాదు? కాలాన్ని కూడా దేవుడే సృష్టించాడు గనుక "అప్పుడు" అనేదే లేనిచోట "అప్పుడేం చేస్తున్నాడు" అని అడగడం కుదరదన్న అగస్టీను జవాబు కాలాతీత పక్షానికి మాత్రమే సహజంగా అందుతుంది.

క్రీ.శ. 325లో నీకయ పట్టణంలో కూడిన సంఘ నాయకుల సభ ఖండించిన అరియస్ వర్గం మాటలను కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దేవుని కుమారుడైన క్రీస్తు గురించి "ఆయన లేని సమయం ఒకటి ఉండేది" అన్నది వారి వాదం. తండ్రి ముందు, కుమారుడు తర్వాత అనే వరుసను దేవుని లోపలికే తీసుకుపోవడమే ఆ వాక్యంలోని విషం. నిరంతర నిత్యత్వాన్ని నమ్మేవారు అరియస్ వాదులు కారు. వారూ నీకయ విశ్వాస ప్రమాణాన్ని నిండు మనసుతో పలుకుతారు, ఈ విషయంలో వారిని అనుమానించడం అన్యాయం. అయినా కుమారుడు తండ్రి నుండి నిత్యంగా జనించాడని చెప్పేటప్పుడు, ముందు వెనుకలు లేని జీవం అనే భావన ఆ మాటకు ఆసరాగా నిలుస్తుంది. అది లేకపోతే ప్రతిసారీ "జనించడం అంటే కాలంలో కాదు" అని వివరణ చేర్చుకోవలసి వస్తుంది.

కాలాతీత పక్షానికీ బరువైన చిక్కులున్నాయి. 1969లో తత్త్వవేత్త ఆంథొనీ కెన్నీ వేసిన ఆక్షేపణ తెలిసినదే: రోము తగలబడిన రోజూ నేను ఈ మాటలు రాస్తున్న రోజూ రెండూ దేవుని నిత్యత్వంతో ఏకకాలికమైతే, ఆ రెండూ ఒకదానితో ఒకటి ఏకకాలికం కావాలి, ఇది అసంబద్ధం. 1981లో ఎలనోర్ స్టంప్, నార్మన్ క్రెట్స్‌మన్ అనే తత్త్వవేత్తలు దీనికి సమాధానమిస్తూ, నిత్యత్వానికీ కాలానికీ మధ్య ఉన్న ఏకకాలికత రెండు సంఘటనల మధ్య ఉండే ఏకకాలికత లాంటిది కాదన్నారు. ఆ సమాధానం నన్ను చాలామటుకు ఒప్పించింది. ఇప్పుడు సమయం ఎంతైందో కాలాతీతునికి "ఇప్పుడు" అన్న అర్థంలో తెలుస్తుందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం నాకు పూర్తి తృప్తి కలగలేదు.

మధ్యేమార్గమూ ఒకటుంది. సృష్టి లేకుండా దేవుడు కాలరహితుడనీ, సృష్టితో ఆయన కాలంలోకి ప్రవేశించాడనీ తత్త్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ అంటాడు. రెండు పక్షాల మేలునూ కలుపుకోవాలన్న ప్రయత్నం మెచ్చదగినదే. కాని పరిపూర్ణంగా ఒక్కసారిగా ఉన్న జీవం సృష్టి కారణంగా ముక్కలయ్యే జీవంగా మారిందంటే, సృష్టి దేవుని జీవపు తీరునే మార్చేసిందని అర్థం. మండుతున్న పొద దగ్గర నేర్చుకున్న పాఠానికి ఇది ఎదురు నడుస్తోందని నా అభిప్రాయం.

కాబట్టి నేను మొగ్గేది కాలాతీత నిత్యత్వం వైపు, అదీ బొయేథియస్ చెప్పిన జీవసంపూర్ణత అనే అర్థంలో. ఆ తల్లి మాట అప్పుడు ఏమవుతుంది? గడిచిపోని జీవం గల దేవునికి ఆమె రాత్రి గతంలోకి జారిపోదు. ఆమె సైతం మరిచిపోయే ఆ గంటలు ఆయన ఎదుట ఎప్పటికీ మసకబారవు. ఇది నిజమైన ఓదార్పే, కాని సిద్ధాంతం ఒక్కటే ఇచ్చే ఓదార్పుగా దీన్ని వదిలేస్తే సరిపోదు. ఆమెతో పాటు రాత్రిని గడిపే దేవుడు కావాలన్న కోరికకు క్రైస్తవ విశ్వాసం ఇచ్చే జవాబు నిత్యత్వపు నిర్వచనంలో లేదు, దేవుడు యేసులో మనిషిగా వచ్చిన శరీరధారణలో ఉంది. నిత్యుడైన కుమారుడు తన నిత్యత్వాన్ని విడిచిపెట్టకుండానే మన గంటలను తనవిగా చేసుకుని, సిలువ మరణానికి ముందు గెత్సేమనే తోటలో అలాంటి రాత్రినే గడిపాడు.

యోహాను 8వ అధ్యాయంలో ఈ రెండూ ఒక్క వాక్యంలో కలుసుకున్నాయి. నీకింకా యాభై ఏళ్లయినా లేవే, అబ్రాహామును చూశావా అని యూదులు అడిగారు. "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అన్నాడు యేసు. తెలుగులో ఈ వాక్యం సాఫీగా సాగిపోతుంది, ఎందుకంటే మన "ఉన్నాను" నిన్నటికీ సరిపోతుంది, నేటికీ సరిపోతుంది: "నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను" అన్నా, "ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను" అన్నా ఒకటే రూపం. గ్రీకులో అలా కాదు. అబ్రాహాముకు పుట్టుకను చెప్పే క్రియ వాడి, తన గురించి మాత్రం అచ్చమైన వర్తమాన క్రియ వాడాడు. వ్యాకరణం తడబడే చోటు అది. విన్నవాళ్లకు ఆ తడబాటు అర్థమైంది, వెంటనే రాళ్లెత్తారు. ఏళ్లు లెక్కపెట్టగలిగిన వయసులో ఉన్న ఆ "ఉన్నవాడు" ఆ రాళ్లకు కనబడకుండా దాగి, దేవాలయం నుంచి బయటికి వెళ్లిపోయాడు.