కంప్రెషన్ గేజ్: కోరాపుట్ కొండల్లో పాత మారుతి 800తో కొన్నేళ్ల వాడకం

నా బండి 1998 మోడల్ మారుతి 800. కార్బురేటర్ బండి, ఇంకా పాత ఓఆర్ నంబరుతోనే తిరుగుతోంది. మేముండేది కోరాపుట్‌లో, చుట్టాలంతా సాలూరు, పార్వతీపురం వైపు. కాబట్టి సుంకి ఘాటీ ఎక్కడం, దిగడం తప్పదు. దిగేటప్పుడు ఏ బండైనా బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే సంగతి తెలుస్తుంది. మూడో గేరులో తేలిగ్గా ఎక్కే మలుపుల్లో రెండో గేరు వెయ్యాల్సి వచ్చేది. ఐడిల్‌లో వణుకు, పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చినా తేడా లేదు. చూపించిన ప్రతి షెడ్డులోనూ ఒకటే మాట: "బోరు పోయింది బాబూ, ఇంజిన్ దించేద్దాం." బోరు పోయిందంటే సిలిండరు లోపలి గోడలు అరిగిపోయాయని. కొలిచి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట విని విని విసుగొచ్చి ఈ కంప్రెషన్ గేజ్ కొన్నాను. సిలిండరులో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలిచే మీటరు ఇది.

ఇది స్క్రూ టైపు. పేరున్న కంపెనీది కాదు, వెయ్యి రూపాయల లోపే వచ్చింది. ఇంకా చవగ్గా రబ్బరు కోను టైపు దొరుకుతుంది, దాని జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు దాన్ని ప్లగ్గు రంధ్రానికి అదిమి పట్టుకోవాలి. పట్టు కాస్త సడలినా గాలి పోతుంది. అప్పుడు తక్కువ చూపిస్తే అది ఇంజిన్ తప్పో, మీ చేతి తప్పో తేలదు. స్క్రూ టైపుకైతే 14 మి.మీ. మర ఉన్న కొస ఉంటుంది, ప్లగ్గు స్థానంలో చేత్తోనే బిగించొచ్చు. స్పానర్ పెట్టకండి, హెడ్డు (సిలిండర్ల పైమూత) అల్యూమినియంది, మర పోతే అదో పెద్ద పని.

కొనేటప్పుడు ఎవరూ చూడనిది ఒకటుంది: గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఎక్కడుందన్నది. అది గొట్టానికి ఇంజిన్ వైపు కొసలో ఉండాలి. మీటరు దగ్గరుంటే గొట్టంలోని ఖాళీ కూడా సిలిండరులో కలిసిపోయి అంకె పడిపోతుంది. 800 ఇంజిన్ 796 సి.సి., మూడు సిలిండర్లు, అంటే ఒక్కోదానికి 265 సి.సి. చొప్పున. కంప్రెషన్ రేషియో 8.7, అంటే లోపలి గాలి అన్నో వంతుకి నొక్కుకుపోతుంది కాబట్టి పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 35 సి.సి. కూడా ఉండదు. అంత ఇరుకులో గొట్టం అయిదారు సి.సి. కలిపినా తేడా బాగా కనిపిస్తుంది. పెద్ద ఇంజిన్లలో ఇది అంతగా తెలియదు.

టెస్ట్ చేసే పద్ధతి కష్టం కాదు. బ్యాటరీ ఫుల్ చార్జిలో ఉండాలి. ఇంజిన్ వేడెక్కి ఉండాలి, అలాగని చెయ్యి పెట్టలేనంత వేడిలో ప్లగ్గులు విప్పకూడదు. మూడు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్ కనెక్షన్ ఊడదీయాలి. చోక్ పూర్తిగా తెరిచి ఉండాలి (అంటే లాగి ఉండకూడదు), యాక్సిలరేటర్ కింది దాకా తొక్కి పట్టాలి. చాలామంది ఈ యాక్సిలరేటర్ సంగతే మర్చిపోతారు. గాలి లోపలికి రాకపోతే నొక్కడానికి ఏముంటుంది? తర్వాత సెల్ఫ్ కొట్టి, ముల్లు అయిదారు సార్లు ఎగిరేదాకా చూడాలి. మొదటి ఎగురుకి ఎంత, చివరికి ఎంత అని రెండూ రాసుకోవాలి.

ఎందుకంటే ముల్లు ఎక్కే తీరులోనే సగం జవాబు ఉంటుంది. బాగున్న సిలిండరులో మొదటి ఎగురుకే చాలా దూరం వెళ్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే తక్కువలో మొదలై మెల్లమెల్లగా పైకెక్కుతుంది. ఇంజిన్ వాల్వు (సిలిండరులోకి గాలి వచ్చే, పొగ పోయే దారిని మూసేది) లీకైతే తక్కువలో మొదలై దాదాపు అక్కడే ఆగిపోతుంది. నా బండిలో ఒకటో సిలిండరు 150, రెండోది 148 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపించాయి. మూడోది ఎన్నిసార్లు తిప్పినా 105 దాటలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాను. తప్పు రింగులదైతే ఆయిల్ ఆ సందులు మూసేసి అంకె అమాంతం పెరగాలి. పెరిగిందల్లా 110కి. అంటే బోరు బాగానే ఉంది, గాలి వాల్వు దగ్గర పోతోంది.

జయపురంలో ఒక మిస్త్రీ ఉన్నాడు, ఒడియా, తెలుగు రెండూ కలిపి మాట్లాడతాడు. గేజ్ చూసి, "ఏటి బాబూ, డాక్టరులా మిషను పట్టుకొచ్చేసారు?" అని నవ్వాడు. మూడోదాని దగ్గర ముల్లు ఆగడం చూశాక తనే, "మళ్లీ ఓసారి సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. టాపెట్ కవర్ విప్పితే మూడో సిలిండరు ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య ఉండాల్సిన సన్నని గ్యాపే లేదు. నాకంటే ముందు బండి ఉన్నాయన ఎల్పీజీ కిట్ పెట్టి నడిపాడు. గ్యాసు మీద నడిచిన పాత ఇంజిన్లలో ఎగ్జాస్ట్ సీటు (వాల్వు ఆనుకునే అంచు) అరిగి వాల్వు పైకి జరుగుతుంది, దాంతో గ్యాప్ తగ్గిపోతుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, మూసుకోనిది చల్లారదు, అంచు కాలుతుంది. గ్యాప్ సరిచేస్తే 120 దాకా వచ్చి ఆగింది. హెడ్డు దించి వాల్వు మార్చి, సీటు కట్ చేయించి, ల్యాపింగ్ (వాల్వూ సీటూ సరిగ్గా అతికేలా రుద్దడం) చేయించాక మూడూ 150 దగ్గరకొచ్చాయి. ఇంజిన్ దించలేదు, బోరు ముట్టుకోలేదు.

అంత బాగుపడ్డాక కూడా మా బావమరిది ఒక టెన్షన్ పెట్టాడు. వాడిది పార్వతీపురం, ఆమ్నీ నడుపుతాడు, అదీ ఇదే 796 సి.సి. ఇంజిను. గేజ్ తీసుకెళ్లి పెట్టుకున్నాడు. "బావా, నాది మూడూ 170, నీదేమో 150. నీ బండి పనైపోయింది." నిజానికి రెండు బండ్లూ ఇంచుమించు ఒకటే. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి విశాఖలో కన్నా పది శాతం దాకా తక్కువ. లోపలికి వచ్చే గాలే పలచన, నొక్కితే వచ్చే అంకె కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. 170లో పది శాతం తీసేసి చూడండి. మా చుట్టుపక్కల సునాబెడ, సెమిలిగుడ, దమన్‌జోడిల్లో బండి ఉన్నవాళ్లు మాన్యువల్లో అంకెతో పోల్చుకుని కంగారు పడక్కర్లేదు. సిలిండరుకీ సిలిండరుకీ తేడా చూసుకుంటే చాలు. సుజుకి మాన్యువళ్లు ఒక కేజీ, అంటే సుమారు 14 పీఎస్ఐ తేడా దాకా ఒప్పుకుంటాయి. అది కొండ మీదైనా అదే, మైదానంలోనైనా అదే.

ఇక వాడకంలో చిరాకులు. రబ్బరు ఓ-రింగ్ ఏడాది తిరక్కుండానే గట్టిపడిపోయింది, ఇప్పుడు డబ్బాలో రెండు స్పేర్ పెట్టుకుంటాను. ఎడాప్టర్ (వేరే సైజు రంధ్రాలకి గొట్టం కొసకి తగిలించే ముక్క) వేసి వాడితే గొట్టం విప్పినప్పుడు ఎడాప్టర్ ప్లగ్గు రంధ్రంలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే 800కి నేరుగా గొట్టమే బిగిస్తాను. కొసలో ఉన్న వాల్వు పిన్ను పాడైతే సైకిల్ షాపులో టైరు పిన్ను వేసేస్తారు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. దాని స్ప్రింగు గట్టిది, వేస్తే అన్ని సిలిండర్లూ తక్కువే చూపిస్తాయి. గేజ్ కోసం చేసే మెత్తటి స్ప్రింగు పిన్ను విడిగా తెప్పించుకోవాలి.

దీనికి తెలియనివి కూడా ఉన్నాయి. డిసెంబరు చలిలో చోక్ లాగి చాలాసేపు కొట్టి ఉంటే పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, అప్పుడు మంచి ఇంజిన్ కూడా తక్కువే చూపిస్తుంది. లోపల మసి పేరుకుంటే అరిగిన ఇంజిన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. మూడూ సమానంగా పడిపోతే రింగుల కంటే ముందు టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో చూడండి. పక్కపక్క రెండే పడిపోతే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద గాలి పోకుండా వేసే పట్టీ) మీద అనుమానపడాలి. గాలి సరిగ్గా ఎక్కడ పోతోందో తేలాలంటే మాత్రం కంప్రెసర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. పిస్టన్‌ని పైన నిలిపి గాలి పట్టించి వినాలి. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్లో అయితే ఇన్‌లెట్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్లో బుడగలొస్తే గ్యాస్కెట్.

పెట్టిన డబ్బుకి నాకైతే ఎప్పుడో గిట్టుబాటైంది. డీజిల్ బండి ఉన్నవాళ్లు మాత్రం ఇది కొనకండి. దీని స్కేలు 300 పీఎస్ఐతో ఆగిపోతుంది, డీజిల్ ఇంజిన్ మామూలుగానే 400 చుట్టూ చూపిస్తుంది. దానికి వేరే గేజ్, వేరే ఎడాప్టర్లు ఉంటాయి.