అడయార్‌లో మోనే కుప్పలు: ఒక తైలవర్ణ శిక్షణ తరగతి

చెన్నై అడయార్‌లో ఒక చిత్రకారుడు తన ఇంటి మేడ మీద ఆదివారాలు నడిపే తైలవర్ణ చిత్రకళ తరగతిలో చేరి, ఎనిమిది వారాలపాటు ఒకే ఒక్క చిత్రానికి నకలు వేశాను. రుసుము 7,000 రూపాయలు. కాన్వాసు, ఈజిల్ వాళ్లే ఇస్తారు, రంగులూ కుంచెలూ మనం కొనుక్కోవాలి. నకలుకు ఎంచిన చిత్రం ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే 1891లో వేసిన రెండు కుప్పల పొలం. సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న మూలచిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

తరగతిలో ఇచ్చిన కాగితం మీద ‘గడ్డివాములు’ అని రాసి ఉంది. గుడివాడ దగ్గర పల్లెలో పెరిగిన మా అమ్మ ఆ బొమ్మ చూడగానే, “ఇవి వాములు కావే, కుప్పలు. ఇంకా నూర్చలేదు” అంది. అమ్మ మాటే నిజం. ఫ్రాన్సులోని జివెర్నీ అనే పల్లెలో మోనే ఇంటి పక్క పొలంలో, నూర్పిడి కోసం ఆగి ఉన్న గోధుమ పనల కుప్పలవి. షికాగో మ్యూజియం కూడా తన దగ్గరున్న ఆ వరుస చిత్రాలను గోధుమ కుప్పలనే పిలుస్తోంది. లోపల గింజ ఉందని తెలిశాక, అంతవరకు తేలికగా వేసిన అడుగుభాగానికి బరువు ఇవ్వాలని నాకు తోచింది. మరుసటి వారం ఈ సంగతి చెబితే మాస్టారు శ్రద్ధగా విని, కాగితం మీద పేరు దిద్దారు.

ఈ తరగతిలో అన్నిటికన్నా విలువైనది నీడల పాఠం. నేను కుప్ప నీడకు నలుపు కలిపి తెచ్చినప్పుడు మాస్టారు దాన్ని కత్తితో గీకించి, “నీడ నల్లగా ఉంటుందని మీకు తెలుసు కనుక నలుపు వేశారమ్మా, అక్కడ ఏ రంగు కనిపిస్తోందో చూసి వేయండి” అన్నారు. ఆ కాలానికి మోనే నలుపును దాదాపు మానేశాడు. అల్ట్రామెరీన్ నీలంలో కొద్దిగా అలిజరిన్ ఎరుపు, చిటికెడు తెలుపు కలిపి ఊదా నీడ వేసి, దాని పక్కనే కాడ్మియం పసుపు పెట్టగానే పొలం మీద ఎండ పడినట్టయింది. పసుపూ ఊదా ఒకదాన్నొకటి వెలిగించే వ్యతిరేక వర్ణాలని పుస్తకాల్లో చదివాను గాని, నా చేతి కింద అది జరగడం చూసింది ఆ రోజే. నకలు వేయడం దొంగపని అన్న అనుమానం నాకుండేది. ఆ మధ్యాహ్నంతో అది పోయింది.

లోపాలు రెండున్నాయి. చూసి వేయడానికి ఇచ్చిన లేజర్ ప్రింటులో ఊదా రంగంతా బూడిదగా మారింది, అందువల్ల మొదటి రెండు వారాల శ్రమ వృథా అయింది. మ్యూజియం వెబ్‌సైట్‌లోని పెద్ద చిత్రాన్ని ట్యాబ్లెట్‌లో పెట్టుకున్నాకే పని సాగింది. ఏసీ కోసం కిటికీలు మూసిన గదిలో రంగును పలచన చేసే టర్పెంటైన్ వాసనకు తలనొప్పి వచ్చేది. మేము అడిగాక కిటికీలు తెరిచారు గాని, అది మొదటి రోజే జరగాల్సింది.

ఎనిమిది వారాలూ చాలవు. తైలవర్ణాల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే మందంగా వేసిన తెలుపు వారం తర్వాత కూడా వేలికి అంటుకుంటూనే ఉండేది. నూనె తక్కువున్న పలచని పొర అడుగున, నూనె ఎక్కువున్న పొర పైన ఉండాలన్న నియమాన్ని మాస్టారు చక్కగా నేర్పారు, కానీ పాటించే వ్యవధి ఇవ్వలేదు. చివరి రెండు ఆదివారాలను పక్షం రోజుల ఎడంతో పెడితే ఈ ఇబ్బంది ఉండదు.

పెన్సిలుతో ఆకారం గీయడం కొంతైనా వచ్చినవారు తప్పక చేరవచ్చు. కుంచె కొత్తగా పట్టేవారు పంది బొచ్చు కుంచెలు మూడు సైజుల్లో కొనుక్కుంటే చాలు, మాస్టారి జాబితాలోని పన్నెండూ అక్కర్లేదు. నా కాన్వాసు ఇప్పుడు మా వరండాలో గోడకు ఆనించి ఉంది. వార్నిష్ వేయడానికి కనీసం ఆరు నెలలు ఆగమన్నారు.